పర్‌డ్యూ ఫుట్‌బాల్ సీజన్ టికెట్ 2024: ఒక్క గెలుపు, పదకొండు ఓటములు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. 2024లో పర్‌డ్యూ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 12 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. అది కూడా ఆగస్టు 31న, సీజన్ మొదటి మ్యాచ్. అక్కణ్ణుంచి నవంబర్ 30 దాకా వరసగా ఓటములే. సీజన్ టికెట్ కొని, ఇండియానా రాష్ట్రంలో పర్‌డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లాఫయెట్‌లో జరిగిన మ్యాచ్‌లన్నీ మా అబ్బాయితో కలిసి స్టేడియంలోనే చూశాను. ఇండియానాపొలిస్, షికాగో వైపున్న మనవాళ్ళు కొందరు "ఆ టికెట్ తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. తీసుకోండి. కాకపోతే ఆ డబ్బుకు ఏమొస్తుందో, ఏం రాదో ముందే తెలుసుకుని తీసుకోండి.

నేను విజయవాడ నుంచి ఎం.ఎస్. చదవడానికి పర్‌డ్యూకి వచ్చాను. ఈ ఆట అప్పుడు ల్యాబ్‌లో తోటివాళ్ళు నేర్పించారు. ఇప్పుడు కార్మెల్‌లో ఉంటున్నాం. మా ఆయన క్రికెట్ తప్ప ఇంకో ఆట చూడరు. అబ్బాయికి మాత్రం నా పిచ్చి అంటుకుంది. ఐ-65 ఎక్కితే గంట పైచిలుకు ప్రయాణం, దారిపొడుగునా మొక్కజొన్న, సోయా పొలాలు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. పది గజాలు దాటితే మళ్ళీ నాలుగు వస్తాయి. మూడింటిలో దాటకపోతే సాధారణంగా నాలుగోసారి బంతిని దూరంగా తన్నేసి అవతలి జట్టుకు ఇచ్చేస్తారు. అదే పంట్. ఓడిపోయే జట్టును చూడటమంటే ఎక్కువగా మూడో డౌన్‌లో తొమ్మిది గజాలు మిగిలిపోవడం, పంట్ కొట్టేవాడు మైదానంలోకి నడిచి రావడం చూడటమే.

మొదటి రోజు మాత్రం పండగే. ఇండియానా స్టేట్ మీద 49-0. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని విసిరేవాడు) హడ్సన్ కార్డ్ 25 పాస్‌లు విసిరితే 24 అందాయి, నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు). అవతలిది చిన్న జట్టని అందరికీ తెలుసు. అయినా ఆ ఎండలో, నిండిన స్టాండ్స్ మధ్య ఈ ఏడాది బాగానే ఉంటుందనే అనిపించింది. రాస్-ఏడ్ స్టేడియం 1924లో కట్టారు. అంటే అది నూరేళ్ళ సీజన్.

రెండో మ్యాచ్ సెప్టెంబర్ 14న నోటర్ డామ్‌తో. అంతకుముందు వారమే వాళ్ళు సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో ఓడిపోయి వచ్చారు. దెబ్బతిన్న జట్టు కదా, ఈ రోజు మనదే అని పార్కింగ్ లాట్‌లో టెయిల్‌గేట్ (మ్యాచ్‌కి ముందు కార్ల పక్కనే తిండీ, కబుర్లూ) దగ్గర ఒకటే సందడి. హాఫ్‌టైమ్‌కి 42-0, చివరికి 66-7. రెండో సగంలో ఎప్పుడో ఆ ఒక్క టచ్‌డౌన్ పడితే మా వాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చుట్టూ చాలా సీట్లు అప్పటికే ఖాళీ అయిపోయాయి. పర్‌డ్యూ అంత తేడాతో అంతకుముందెప్పుడూ ఓడలేదు.

నెబ్రాస్కా మ్యాచ్ హాఫ్‌టైమ్‌కి 0-0. మన డిఫెన్స్ (అవతలి జట్టును అడ్డుకునేవాళ్ళు) నిలబడింది. రెండో సగంలో జారిపోయి 28-10. మర్నాడే అఫెన్స్ (బంతితో ముందుకెళ్ళేవాళ్ళ) కోచ్ గ్రాహం హారెల్‌ను తీసేశారు. అక్టోబర్ 18, శుక్రవారం రాత్రి ఒరెగాన్ వచ్చింది, 35-0. నార్త్‌వెస్టర్న్‌తో ఓవర్‌టైమ్ దాకా వెళ్ళి 26-20తో ఓడారు. చివరి హోమ్ మ్యాచ్‌లో పెన్ స్టేట్ 49-10తో గెలిచింది. ఆ రోజు వాళ్ళ టైట్ ఎండ్ (అవతలివాళ్ళను అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) టైలర్ వారెన్ బంతి పట్టుకుని 48 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అవతలి జట్టువాడైనా అలాంటి ఆట కళ్ళముందు చూడటం నాకు ఇష్టమే. టికెట్ డబ్బులో అదీ ఒక భాగమే.

నా పక్క సీట్లలో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చుంటారు. పక్క కౌంటీలో వ్యవసాయం. డ్రూ బ్రీస్ ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న రోజుల నుంచి, అంటే జట్టు 2001లో రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌కి వెళ్ళకముందు నుంచి, ఆ సీట్లు వాళ్ళవే. మావాణ్ణి కూర్చోబెట్టుకుని ఆయన ఒక సంగతి నేర్పారు. బంతిని చూడొద్దు, ముందు వరసలో ఉన్న అయిదుగురిని చూడు అన్నారు. వాళ్ళే అఫెన్సివ్ లైన్. బంతి కదిలిన మొదటి రెండు సెకన్లలో వాళ్ళ పాదాలు వెనక్కి పడుతున్నాయా, ఉన్నచోటే నిలబడ్డాయా, అది చూస్తే చాలట.

నేనూ అలాగే చూడటం మొదలుపెట్టాను. నార్త్‌వెస్టర్న్ మ్యాచ్‌లో మా ఎదురుగానే ఒక మూడో డౌన్. బంతి వెనక్కి అందింది. ఎడమ చివర ఉన్న కుర్రాడు ఒక్క అడుగు ఆలస్యంగా లేచాడు. అవతలివాడు అతని భుజం పక్కనుంచి దూసుకొచ్చాడు. మధ్యలో ఉన్న ముగ్గురూ గట్టిగానే నిలబడ్డారు, క్వార్టర్‌బ్యాక్ కాళ్ళ దగ్గర జాగా ఉంది, దూరంగా ఒక రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఖాళీగా కూడా ఉన్నాడు. కానీ ఎడమవైపు నుంచి వచ్చే ఆ ఒక్కడి కోసం తల తిప్పాల్సి వచ్చింది. విసిరిన బంతి ఎవరికీ అందకుండా గీత అవతల పడింది. "అమ్మా, పంట్" అన్నాడు మావాడు, బంతి ఇంకా గాల్లో ఉండగానే. స్టాండ్స్‌లో జనం రిసీవర్‌ని తిడుతున్నారు. పదకొండు మందిలో పది మంది సరిగ్గా చేసినా ఒక్కడి అడుగు ఆలస్యమైతే పని చెడుతుందని ఆ ఒక్క డౌన్‌లో నాకు అర్థమైంది. గెలిచే జట్టును చూసినప్పుడు ఈ వివరాలు మన కంట పడవు.

సీజన్ మొత్తంలో నాకు బాగా నచ్చిన మ్యాచ్ మాత్రం టికెట్‌లో లేదు. అక్టోబర్ 12న షాంపేన్‌లో ఇల్లినాయ్‌తో ఆడినది, ఇంట్లో టీవీలో చూశాం. కార్డ్ ఆడలేదు, ర్యాన్ బ్రౌన్ అనే కుర్రాడికి ఆట మొదటి నుంచీ ఆడే అవకాశం తొలిసారి దొరికింది. మూడో క్వార్టర్‌లో 24 పాయింట్లు వెనకబడి ఉన్నాం. నేను వంటింట్లోకి వెళ్ళి పప్పుకి పోపు పెడుతుంటే అరుపులు వినిపించాయి. ఒకటి తర్వాత ఒకటి టచ్‌డౌన్లు. ఇంకో నిమిషం కూడా మిగలని సమయానికి 43-40తో మనమే ముందున్నాం. ఇల్లినాయ్ వాళ్ళు ఆ కాస్త సమయంలోనే ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు) కొట్టి సమం చేశారు.

ఓవర్‌టైమ్‌లో ముందు వాళ్ళు టచ్‌డౌన్ చేసి, అదనపు పాయింటూ తన్ని 50-43 చేశారు. మనవాళ్ళూ చేశారు, 50-49. ఇక్కడ కోచ్ ముందు రెండు దారులు. మామూలుగా తన్ని ఒక్క పాయింట్ తీసుకుంటే మళ్ళీ సమం, ఇంకో ఓవర్‌టైమ్. లేదా రెండు పాయింట్ల కోసం ఆడితే అక్కడికక్కడే గెలుపో ఓటమో. కోచ్ ర్యాన్ వాల్టర్స్ రెండు పాయింట్లకే వెళ్ళాడు. అది రాలేదు. మర్నాడు చాలామంది ఆ నిర్ణయాన్ని తిట్టారు. నేను ఒప్పుకోను. వరస ఓటముల్లో ఉన్న జట్టు, పరాయి మైదానం, అలసిపోయిన డిఫెన్స్, ఊపు మీదున్న క్వార్టర్‌బ్యాక్. ఆ క్షణంలో గెలవడానికి ఆడటమే న్యాయం. ఈ సీజన్‌లో వాల్టర్స్ మీద నాకున్న ఫిర్యాదుల్లో ఆ నిర్ణయం లేదు.

ఫిర్యాదులు వేరే ఉన్నాయి. 2022లో ఇల్లినాయ్ డిఫెన్స్‌ను నడిపింది ఈయనే. ఆ ఏడాది దేశం మొత్తంలో సగటున అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ అది. ఆ పేరు చూసే పర్‌డ్యూ ఆయన్ని హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. అప్పటికి పర్‌డ్యూ పడిపోయిన జట్టేమీ కాదు. జెఫ్ బ్రామ్ కోచ్‌గా 2022లో బిగ్ టెన్ (పర్‌డ్యూ ఆడే లీగ్) వెస్ట్ డివిజన్ గెలిచింది. బ్రామ్ తన సొంత ఊరు లూయివిల్‌కి వెళ్ళిపోయాడు. వాల్టర్స్ మొదటి ఏడాది 4-8 (నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు), రెండో ఏడాది 1-11. డిఫెన్స్ కోసం తెచ్చుకున్న కోచ్ కింద జట్టు 2024లో 479 పాయింట్లు ఇచ్చింది, మ్యాచ్‌కి దాదాపు 40. చేసినవి 189.

షెడ్యూల్ కూడా దారుణంగా పడింది. ఆ ఏడాది బిగ్ టెన్ కొత్తగా పడమటి తీరం జట్లను కలుపుకుని 18 జట్లకు పెరిగింది, డివిజన్లు ఎత్తేసింది. జాతీయ ప్లేఆఫ్‌కి ఎంపికైన 12 జట్లలో అయిదింటితో పర్‌డ్యూ ఆడాల్సి వచ్చింది: నోటర్ డామ్, ఒరెగాన్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, ఇండియానా. ఫైనల్ ఆడిన రెండు జట్లూ ఇందులోనే ఉన్నాయి. ఆ అయిదు మ్యాచ్‌ల స్కోర్లు కలిపి చూస్తే 261-17. ఏ కోచ్ ఉన్నా ఈ అయిదింటిలో నాలుగు పోయేవేనని నా అభిప్రాయం. కానీ ఇలా పోవాల్సిన పని లేదు.

ఇండియానా సంగతి వినండి. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఇండియానా యూనివర్సిటీ మనకు పక్క ఊరు లాంటిది, రెండు జట్లూ ఏటా ఓల్డ్ ఓకెన్ బకెట్ కోసం ఆడతాయి. నిజంగానే ఒక పాత బావి బకెట్, 1925 నుంచీ అదే ట్రోఫీ. 2023లో ఆ మ్యాచ్ మనం 35-31తో గెలిచాం. ఆ ఏడాది ఇండియానా రికార్డు 3-9, మనకంటే ఒక మెట్టు కింద. తర్వాత వాళ్ళు కర్ట్ సిగ్నెట్టి అనే కోచ్‌ను తెచ్చుకున్నారు. ఆయన తన పాత కాలేజీ జేమ్స్ మ్యాడిసన్ నుంచి ఆటగాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి ఇంకొందరిని తీసుకున్నాడు. ఒక్క ఏడాదిలో ఇండియానా రెగ్యులర్ సీజన్ 11-1. మనది 1-11. నవంబర్ 30న బ్లూమింగ్టన్‌లో 66-0. బకెట్ కోసం ఆడిన మ్యాచ్‌లలో అంత తేడా ఇంకెప్పుడూ లేదు. మర్నాడు వాల్టర్స్‌ను తీసేశారు.

ఈ పోర్టల్ అంటే, ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే దారి. ఒకప్పుడు మారితే సాధారణంగా ఏడాది పాటు బయట కూర్చోవాలి. ఇప్పుడు అదేం లేదు, వెంటనే ఆడొచ్చు. దానికి తోడు ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు తీసుకోవచ్చు. 2023లో నిక్ స్కౌర్టన్ అనే కుర్రాడు మన జట్టులో ఉండి బిగ్ టెన్ మొత్తంలో అందరికంటే ఎక్కువ శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు. సీజన్ అవగానే టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌కి వెళ్ళిపోయాడు. మంచి రిసీవర్ డియాన్ బర్క్స్ ఓక్లహోమాకి వెళ్ళాడు. 2024 అయ్యాక డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండే సేఫ్టీ డిలన్ థీనమన్ ఒరెగాన్‌కి, టైట్ ఎండ్ మ్యాక్స్ క్లేర్ ఒహాయో స్టేట్‌కి వెళ్ళారు. మనల్ని 35-0తో, 45-0తో కొట్టిన జట్లకే. ఆ కుర్రాళ్ళను నేను తప్పుపట్టను. ఇరవై ఏళ్ళ పిల్లలు, ఆడే కాలం నాలుగేళ్ళు, మోకాలు పోతే అదీ లేదు. వాళ్ళను నిలబెట్టుకోవడం, పోయినవాళ్ళ చోట సరైనవాళ్ళను తేవడం పెద్దవాళ్ళ పని. మన దగ్గర అది జరగలేదు.

అందుకే స్టాండ్స్‌లో ఆటగాళ్ళను పేరు పెట్టి తిట్టడం నాకు నచ్చదు. మా సెక్షన్‌లో ఒకాయన మ్యాచ్ మ్యాచ్‌కీ అదే పని. పెన్ స్టేట్ మ్యాచ్ రోజు మా పెద్దాయన ఇక వెనక్కి తిరిగి, ఆ కుర్రాడి అమ్మ ఈ స్టేడియంలోనే ఎక్కడో కూర్చుని ఉండి ఉంటుంది కదా అని మెల్లగా చెప్పారు. ఆ తిట్టేవాయన ఆగిపోయాడు. ఆ మధ్యాహ్నం రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) డెవిన్ మాకొబీని చూస్తూ నేను గొంతు పోయేలా అరిచాను. ఇండియానాలోనే బూన్‌విల్ నుంచి స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకొచ్చిన కుర్రాడతను. ముప్పై పాయింట్లు వెనకబడినా మొదటి క్వార్టర్‌లో పరుగెత్తినట్టే పరుగెత్తుతాడు. అంతమంది వెళ్ళిపోయినా అతను 2025కీ ఇక్కడే ఉండిపోయాడు.

ఇక టికెట్‌తో వచ్చే మిగతాది చెప్తాను. మ్యాచ్ ఉన్న శనివారం తెల్లవారకముందే విద్యార్థులు చిత్రవిచిత్రమైన వేషాలు వేసుకుని బార్ల ముందు బారులు తీరతారు. బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ అంటారు దాన్ని. చిన్న పిల్లలతో వచ్చేవాళ్ళు కాస్త ఆలస్యంగా, తొమ్మిది దాటాక రండి. అప్పుడు క్యాంపస్ నడవడానికి బాగుంటుంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన కాలేజీ ఇది, ఆయన పేరున్న భవనం ముందు విగ్రహం ఉంది, మన పిల్లలందరూ అక్కడ ఫొటో దిగుతారు.

మ్యాచ్‌కి ముందు బ్యాండ్ వస్తుంది. ఆటకంటే ఇదే బాగుంటుందని నేను నిర్మొహమాటంగా చెప్తాను. పర్‌డ్యూలో సంగీతానికి ప్రత్యేకంగా ఒక స్కూల్ లేదు. ఆ వాయించే పిల్లలంతా ఇంజినీరింగో, వ్యవసాయమో, ఇంకేదో చదువుతూ సాయంత్రాలు ప్రాక్టీస్ చేసేవాళ్ళే. 1907లో మైదానం మీద వరసలు విడగొట్టి అక్షరం ఆకారంలో నిలబడింది ఈ బ్యాండే, అమెరికాలో కాలేజీ బ్యాండ్లలో అదే మొదలని చెప్తారు. 1921లో చేయించిన పెద్ద డోలు ఒకటుంది, ప్రపంచంలోకెల్లా పెద్దదని పర్‌డ్యూ గర్వంగా చెప్పుకుంటుంది. బండి మీద పెట్టి మనిషికి రెండింతల ఎత్తున దాన్ని నెట్టుకుంటూ పరుగెత్తుకొస్తారు. దగ్గరికి వెళ్తే దెబ్బ చెవికి కాదు, పొట్టలోకి తగులుతుంది. నోటర్ డామ్ మ్యాచ్‌లో 42-0 మీద కూడా హాఫ్‌టైమ్‌లో ఆ పిల్లలు ఒక్క అడుగు తప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఈ జట్టుకు పెద్దవాళ్ళను పడగొట్టే చరిత్ర ఉంది. 2018 అక్టోబర్‌లో రెండో ర్యాంక్ ఒహాయో స్టేట్‌ను ఇదే మైదానంలో 49-20తో ఓడించింది. ఎముక క్యాన్సర్‌తో పోరాడుతూ ఆ రోజు స్టేడియానికి వచ్చిన టైలర్ ట్రెంట్ అనే పర్‌డ్యూ విద్యార్థి, మనం గెలుస్తామని ముందే చెప్పాడు. 2019 జనవరి 1న పోయాడు. 2021లో రెండో ర్యాంక్ అయోవాను, మూడో ర్యాంక్ మిషిగన్ స్టేట్‌ను కొట్టింది. ఒరెగాన్ వచ్చిన శుక్రవారం రాత్రి స్టేడియంలో కూర్చున్న ప్రతి ఒక్కరి మనసులో ఆ రాత్రులే ఉన్నాయి. రాలేదు, అంతే. అయితే అవి వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండాలంటే రాని రాత్రులు కూడా వెళ్ళి కూర్చోవాలి. అందుకే నేను ఒక్కో మ్యాచ్‌కి కాకుండా మొత్తం సీజన్‌కి కొంటాను.

డబ్బు లెక్క చూసుకునేవాళ్ళకు మాత్రం నిజం చెప్పాలి. జట్టు ఓడుతుంటే రీసేల్‌లో టికెట్లు చాలా చవగ్గా దొరుకుతాయి. ఒకటి రెండు మ్యాచ్‌లు చాలనుకుంటే సీజన్ టికెట్ మీకు అక్కర్లేదు, అక్టోబర్ దాకా ఆగి విడిగా కొనుక్కోండి. కాలేజీ ఆట గెలుపే కావాలనుకుంటే పక్కనే మ్యాకీ అరీనా ఉంది. అదే 2024 ఏప్రిల్‌లో మన బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ ఫైనల్ ఆడింది, యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడింది. కాకపోతే ఆ టికెట్ దొరకడమే కష్టం.

స్టేడియంలోకి పారదర్శకమైన సంచి మాత్రమే తీసుకెళ్ళనిస్తారు, హ్యాండ్‌బ్యాగ్ కార్లోనే పెట్టండి. తిండి సంగతి టెయిల్‌గేట్ దగ్గరే చూసుకోవడం మంచిది. నేను రేకు ట్రేలో పులిహోర, డబ్బాలో పెరుగన్నం తెస్తాను. చల్లారినా పులిహోర రుచి పోదు, చలికి గట్టిపడదు. మా పెద్దాయన భార్య ఆ "పసుపు అన్నం" కోసమే ముందుగా వస్తారు, బదులుగా వాళ్ళ తోట టమాటాలు ఇస్తారు. నవంబర్‌లో బెంచీ మీద కూర్చుంటే చలి కింద నుంచి ఎక్కుతుంది. కింద వేసుకోవడానికి దళసరి దుప్పటి లేకుండా రాకండి. మ్యాచ్ అయ్యాక ఐ-65 మీద గంటసేపు కదలరు. తొందరపడకుండా నది దాటి లాఫయెట్ వైపు వెళ్ళి ఏదైనా తిని బయల్దేరండి.

మార్కులు ఇవ్వాలంటే జట్టుకు అయిదులో ఒకటి, అది కూడా ఇల్లినాయ్ మ్యాచ్‌కి. నడిపినవాళ్ళకు సున్నా. స్టేడియం, బ్యాండ్, పక్క సీట్ల మనుషులు, అబ్బాయితో గడిపిన శనివారాలు కలిపి అయిదుకి అయిదు.

2025కి మళ్ళీ రెన్యూ చేశాను. ఆ ఏడాదికి కొత్త కోచ్‌గా బ్యారీ ఓడమ్ లాస్ వేగస్ నుంచి వచ్చాడు. అక్కడి యూనివర్సిటీ యూఎన్ఎల్‌వీ జట్టును రెండేళ్ళూ వరసగా మౌంటెన్ వెస్ట్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. ఒక్క ఏడాదిలో అంతా మారిపోతుందని నేను అనుకోలేదు. 2025 షెడ్యూల్‌లో ఒహాయో స్టేట్, యూఎస్‌సీ మన దగ్గరికే వచ్చేలా పడ్డాయి, సెప్టెంబర్‌లో మనం నోటర్ డామ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ముందు వరస అయిదుగురూ మూడో డౌన్‌లో నిలబడితే చాలు, మిగతాది మెల్లగా చూసుకోవచ్చు.

మొదటిసారి వచ్చేవాళ్ళు సీజన్ మొదటి మ్యాచ్‌కి రండి, 2025లో అది ఆగస్టు 30న బాల్ స్టేట్‌తో. ఎండగా ఉంటుంది, పిల్లలకు బాగుంటుంది, గెలిచే అవకాశమూ ఎక్కువ. 2025 బకెట్ మ్యాచ్ మన మైదానంలోనే పడింది, నవంబర్ 28, థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు. దానికి ఇంకో టికెట్ అదనంగా కొన్నాను. మా ఆయన కూడా వస్తానన్నారు.